దారి చూపినవాడి కథ: ‘ఉల్జానాస్ రెయిడ్’ సినిమా సమీక్ష

1972లో వచ్చిన ‘ఉల్జానాస్ రెయిడ్’ అనే అమెరికన్ సినిమాను నేను ఇప్పటికి మూడుసార్లు చూశాను. మూడోసారి, దేవరకొండ దగ్గరి మా ఊరి నుంచి వచ్చిన పెద్దనాయనతో కలిసి, నల్లగొండలోని మా ఇంట్లో డిస్కు పెట్టుకొని చూశాను. ఆయన నలభై ఏళ్లు గొర్లు కాచిన మనిషి. ఇంగ్లీషు రాదు కాబట్టి మాటల అర్థం నేను చెబుతూ వచ్చాను. ఒక్కచోట మాత్రం నేను నోరు తెరవకముందే ఆయనే నాకు చెప్పాడు. అమెరికా ఆదివాసీ తెగ అయిన అపాచీలకు చెంది, సైన్యంలో స్కౌటుగా, అంటే జాడ తీసి దారి చూపేవాడిగా పనిచేసే ఒకడు నేలమీదికి వంగి గుర్రాల జాడ చూస్తున్న దృశ్యం అది. ‘లోతు చూస్తుండు బిడ్డా, పైన మనిషి ఉన్నడా లేడా అని’ అన్నాడు పెద్దనాయన. కాసేపటికి తెరమీద తేలిందీ అదే. దోపిడీకి బయలుదేరిన అపాచీలు గుర్రాలు దిగి, వాటిని ఖాళీగా ముందుకు తోలించి, ఆ జాడ వెంబడి సైనికులు తిరిగి తిరిగి అలసిపోయేలా పన్నాగం పన్నారు.

రాబర్ట్ ఆల్డ్రిచ్ దర్శకత్వం వహించిన ఈ సినిమాకు ఆలన్ షార్ప్ కథ, మాటలు రాశాడు. నిడివి 103 నిమిషాలు. అరిజోనాలోని శాన్ కార్లోస్ రిజర్వేషన్ (ఆదివాసీలను ఉంచడానికి ప్రభుత్వం కేటాయించిన ప్రాంతం) నుంచి ఉల్జానా అనే యోధుడు కొద్దిమంది అనుచరులతో తప్పించుకొని, దారిలో తగిలిన శ్వేతజాతి రైతుల ఇళ్లమీద పడతాడు. అతన్ని పట్టుకోవడానికి ఒక చిన్న అశ్వికదళం బయలుదేరుతుంది. దాని నాయకుడు డెబ్యూయిన్ ఒక మత ప్రబోధకుడి కొడుకు, అనుభవం లేని యువ లెఫ్టినెంట్. ఆ పాత్రను బ్రూస్ డేవిసన్ పోషించాడు. దళానికి దారి చూపేవాళ్లు ఇద్దరు: బర్ట్ లంకాస్టర్ నటించిన ముసలి స్కౌటు మెకింతోష్, జోర్జ్ లూకే నటించిన అపాచీ స్కౌటు కెనిటే. అమెరికా సైన్యం వియత్నాంలో ఇంకా పోరాడుతూనే ఉన్న సంవత్సరంలో విడుదలైనందువల్ల, తెలియని నేలమీద తెలియని శత్రువును వెంటాడే సైనికుల ఈ కథను చాలామంది ఆ యుద్ధానికి అద్దంగా చూశారు. ఆ పోలికలో నిజం ఉన్నా, ఈ సినిమా అంతకంటే లోతుగా వెళ్లిందని నా అభిప్రాయం.

ముందుగా ఒక హెచ్చరిక చేయాలి. ఇందులో హింస తీవ్రంగా ఉంటుంది కాబట్టి పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చూడవలసిన సినిమా కాదు. ఒక సైనికుడు రైతు భార్యనూ ఆమె కొడుకునూ బండిలో కోటకు చేర్చబోతుండగా అపాచీలు చుట్టుముడతారు. అతడు మొదట తన ప్రాణం కాపాడుకోవడానికి గుర్రాన్ని దౌడు తీయిస్తాడు. ఆమె అరుపు విని వెనక్కి తిరుగుతాడు. కాపాడటానికే వస్తున్నాడని ఆమెతోపాటు మనమూ అనుకుంటున్న క్షణంలో, శత్రువుల చేతికి చిక్కకూడదని ఆమెను కాల్చేస్తాడు. పిల్లవాణ్ణి ఎక్కించుకొని పారిపోతుండగా గుర్రం కూలితే, చివరికి తననూ తానే కాల్చుకుంటాడు. అపాచీలు ఆ పిల్లవాణ్ణి ఏమీ చేయకుండా వదిలేస్తారు. ఈ సన్నివేశంలో నేపథ్యం నుంచి మనకు ఎవరూ ఏమీ వివరించరు, ఏది ధైర్యమో ఏది క్రూరత్వమో తేల్చిచెప్పరు. మూడుసార్లు చూసినా నాకు ఆ దృశ్యం దగ్గర గొంతు తడారిపోయింది.

మీవాళ్లు ఇంత క్రూరులెందుకని డెబ్యూయిన్ కెనిటేను నిలదీసినప్పుడు, మనిషి చనిపోయేటప్పుడు అతని శక్తి చంపినవాడికి చేరుతుందని, ఈ నేలమీద బతకాలంటే మనిషికి ఆ శక్తి కావాలని అతడు నిదానంగా చెబుతాడు. ఆ మాటల్లో సమర్థన లేదు, క్షమాపణ కూడా లేదు. లెఫ్టినెంట్ క్రమంగా ద్వేషంలోకి జారుతుంటే, మెకింతోష్ మాత్రం అపాచీలను ద్వేషించడం నీళ్లు లేవని ఎడారిని ద్వేషించడం లాంటిదన్న అర్థంలో మాట్లాడతాడు. చనిపోయిన అపాచీ కుర్రవాడి శవాన్ని సైనికులు కోయబోయినప్పుడు, డెబ్యూయిన్‌ను కలవరపెట్టింది తనవాళ్లు కూడా అపాచీల్లాగే చేయడమేనని మెకింతోష్ గుర్తిస్తాడు. లంకాస్టర్ ఈ పాత్రను గొంతు పెంచకుండా, కళ్లతోనూ భుజాలతోనూ నడిపించాడు.

అయినా నా దృష్టిలో ఈ సినిమా కెనిటేది. అలా అనడానికి మా జిల్లాయే కారణం. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి నల్లగొండ గుండెకాయ వంటిది. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చాక దళాల కోసం గుట్టలూ తండాలూ గాలించిన కథలు వింటూ పెరిగిన తరం మాది. ఆ కథలన్నింటిలోనూ సైన్యానికి దారి చూపినవాడు ద్రోహి. ఆ మాటను నేను ఏనాడూ ప్రశ్నించలేదు, ఇప్పుడు కూడా మా పెద్దల తీర్పును తిరగరాయడం నా ఉద్దేశం కాదు. కానీ కెనిటే భార్య, ఉల్జానా భార్య అక్కచెల్లెళ్లు. తోడల్లుణ్ణే వేటాడుతున్న ఈ మనిషిని ఎందుకు నమ్మాలని డెబ్యూయిన్ సందేహిస్తుంటే, తాను కాగితంమీద సంతకం చేశానని మాత్రమే అతడు బదులిస్తాడు. ఇచ్చిన మాటకు అంత గట్టిగా నిలబడినవాడు ఆ దళంలో ఇంకొకడు లేడు. చిన్నప్పటి నుంచి నేను మోస్తున్న కొలబద్ద ఈ పాత్ర ముందు సరిపోలేదు.

లోపాలూ ఉన్నాయి. ఉల్జానాగా జోక్విన్ మార్టినెజ్ మొహంలో రాయిలాంటి గాంభీర్యం ఉన్నా, రచన అతనికి మాటలివ్వలేదు. రిజర్వేషన్ బతుకు ఎంత ఊపిరాడనిదో కెనిటే చెప్పే నాలుగు మాటల్లో, పాత వాసనల నుంచి కొత్త వాసనల కోసం పారిపోయాడన్న ఆ వర్ణనలో తెలుస్తుంది తప్ప, దాన్ని మనకు తగినంతగా చూపించరు. అపాచీ స్త్రీలైతే దాదాపు నీడలు. చరిత్రతో పోల్చినా తేడా కనిపిస్తుంది. జోసానీ అనే పేరుతోనూ పిలిచే అసలు ఉల్జానా 1885 చివర్లో పదిమంది యోధులతో నాలుగు వారాలలోపే సుమారు 1,200 మైళ్లు తిరిగి, 38 మందిని చంపి, 250 గుర్రాలను, కంచరగాడిదలను పట్టుకొని వాడి, ఒక్క మనిషిని మాత్రమే కోల్పోయి మెక్సికోలోకి దాటిపోయాడు. సినిమా ముగింపు ఆ చరిత్ర కాదు. దాన్ని కల్పనగానే చూడాలి.

డిస్కు కొనేవారికి ఒక మాట: ఈ సినిమాకు అమెరికాలో విడుదలైన కూర్పు ఒకటి, యూరప్‌లో విడుదలైనది ఇంకొకటి ఉన్నాయి. ఒకదానిలో ఉన్న కొన్ని భాగాలు మరొకదానిలో ఉండవు కాబట్టి, తీసుకునే ముందు ఏ కూర్పో అడిగి తెలుసుకోవడం మంచిది.

సినిమా అయిపోయాక పెద్దనాయన చాలాసేపు మాట్లాడలేదు. పడుకోబోయే ముందు, ‘ఆ దారి చూపినాయన తర్వాత ఏమైండు?’ అని అడిగాడు. కెనిటే కల్పిత పాత్ర కాబట్టి, నిజమైన స్కౌట్ల సంగతి చెప్పాను. 1886లో అపాచీ నాయకుడు జెరోనిమోను లొంగిపోయేలా ఒప్పించడానికి సైన్యం తరఫున కయిటా, మార్టిన్ అనే స్కౌట్లు ఇద్దరు వెళ్లారు. వాళ్లు అపాచీల్లోని చిరికావా శాఖవాళ్లు. పని ముగిశాక జెరోనిమోతో పాటు వాళ్లనూ ఖైదీలుగా రైలెక్కించి ఫ్లోరిడాకు పంపారు. చిరికావాలు ఆ ఖైదు నుంచి బయటపడింది 1913లో.