హోలాక్రసీలో కొన్నేళ్లు: బాస్ లేడు సరే, బాగోగులు చూసేదెవరు?

మా సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్లను తీసేసి హోలాక్రసీ పెట్టి చాలాకాలమైంది. 2007లో అమెరికాలో బ్రయన్ రాబర్ట్‌సన్ రూపమిచ్చిన పద్ధతి ఇది. హోదాలుండవు, రోల్స్ ఉంటాయి. ఒక్కొక్కరికి నాలుగైదు కూడా ఉండొచ్చు. ఎవరి మీద ఏ పని ఉందో అంతా రాతలో ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు.

మేనేజర్ మూడ్ చూసుకుని సెలవు అడిగే బాధ తప్పింది. అది చిన్న సుఖం కాదు.

కానీ ఒక మంచి మేనేజర్ 'ఏంటి అలా ఉన్నావ్, ఇంటికెళ్లు' అనేవాడు చూడండి, ఆ పని ఏ రోల్‌లోనూ రాసి లేదు. మీటింగ్ మొదట్లో చెక్-ఇన్ రౌండ్ ఉంటుంది. ఒక్కొక్కరూ తమ పరిస్థితి చెప్తారు, మిగతావాళ్లు బదులు మాట్లాడకూడదు. నైట్ సపోర్ట్ చేసే ఒకమ్మాయి వారం వారం 'నిద్ర చాలట్లేదు' అంటూనే ఉండేది. రూలు ప్రకారం వంతు పక్కవాళ్లకి వెళ్లిపోయేది.

చివరికి ఆమె దాన్ని గవర్నెన్స్ మీటింగ్‌లో, అంటే రోల్స్‌నీ రూల్స్‌నీ మార్చుకునే మీటింగ్‌లో, ప్రతిపాదనగా పెట్టింది: వరుసగా రెండు వారాలు నైట్ సపోర్ట్ ఎవరికీ పడకూడదు. హోలాక్రసీ అసలు బలం నాకు అక్కడ కనిపించింది. అభ్యంతరం చెప్పాలంటే 'నాకు నచ్చలేదు' అంటే చెల్లదు, ఈ మార్పు వల్ల పనికి వచ్చే నష్టమేంటో చూపించాలి. సపోర్ట్ చూసేవాళ్లు ఇద్దరే కాబట్టి ఒకరు సెలవు పెడితే కుదరదని ఒక అభ్యంతరం వచ్చింది, అది న్యాయమైనదే. ముందు మూడో మనిషికి పని నేర్పాలన్న మాట కలిపారు, ప్రతిపాదన పాలసీగా మారిపోయింది. 'ఈ నెల సెలవు వాడారా' అన్న ప్రశ్న కూడా చెక్‌లిస్ట్‌లో చేరింది. సానుభూతి చేయలేనిది ఆ రెండు లైన్లు చేశాయి.

మోయలేని రోల్‌ని వదిలేసే హక్కు కూడా ఈ పద్ధతి 'రాజ్యాంగం'లోనే, అంటే దాని మూల నియమావళిలోనే ఉంది. మావాళ్లు మాత్రం మొహమాటానికి వదలరు. దానికి ఏ పాలసీ రాయాలో తెలీదు!

నెదర్లాండ్స్‌లో 2006లో మొదలైన బర్ట్‌జోర్గ్ అనే హోమ్ నర్సింగ్ సంస్థలోనూ మేనేజర్లు లేరు. హోలాక్రసీ కాదు, వాళ్ల పద్ధతి వేరు. పన్నెండు మందికి మించని టీములు, వాటికి అండగా అధికారం లేని కోచ్‌లు. మాకు లేనిది ఆ కోచే. పాలసీ పెట్టమని అడిగే ధైర్యం లేనివాళ్లు ఇప్పటికీ మా దగ్గర నలుగుతూనే ఉన్నారు.

ఐదుకి మూడు ఇస్తాను. కొత్తగా పెట్టేవాళ్లు 'ఎవరి మీద ఎంత భారం పడిందో చూడటం' అనే బాధ్యతని మొదటి రోజే ఏదో ఒక రోల్‌లో రాసుకోండి.