నాన్న క్యాసెట్లు, ఇద్దరు దేవదాసులు, గవర్నర్‌పేటలో ఓ షాపు

నాన్న పోయాక అమ్మ దగ్గర ముప్పై నాలుగు క్యాసెట్లు మిగిలాయి. ఎనభైల్లో గుంటూరు బ్రాడీపేట ఇంట్లో, రేడియో ముందు టేప్ రికార్డర్ పెట్టుకుని నాన్న ఎక్కించుకున్న పాటలు. అట్ట మీద పొట్టిగా ఒక్క పేరు రాసి వదిలేసేవారు. దేవదాసు. మిస్సమ్మ. సత్యం. శ్రీనివాస్. సంవత్సరం ఎక్కడా ఉండదు.

వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమని మొదట వేరే చోట ఇచ్చి మోసపోయాం. ఒక్కరోజులో పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి దేవదాసు పెడితే 2006లో రామ్ చేసిన సినిమా పాటలు! మిస్సమ్మ అంటే 1955 నాటిది కాదు, 2003లో భూమిక నటించింది. సంగీత దర్శకుడు సత్యం గారి పాటలు ఉండాల్సిన చోట సుమంత్ సినిమా ‘సత్యం’ పాటలున్నాయి. క్యాసెట్లు అసలు మెషిన్లో పెట్టనే లేదు, అట్ట మీద పేరు చూసి నెట్‌లో దొరికినవి ఎక్కించేశారు. ఆ దేవదాసు, ఆ సత్యం రెండిటికీ సంగీతం చక్రి గారిదే, ఆయన పాటలు నాకు చాలా ఇష్టం. కానీ అమ్మ అడిగింది అవి కాదు కదా. ఆ రోజు ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు.

గవర్నర్‌పేటలోని ఈ షాపు గురించి తెలిసినవాళ్లు చెప్తే విజయవాడ బస్సెక్కాం. ఏలూరు రోడ్డు మీంచి సందులోకి తిరగాలి, మొదటి అంతస్తు, లిఫ్ట్ లేదు. అమ్మ మోకాళ్ల నొప్పులతో కింద టీ బండి దగ్గరే కూర్చుంది. ఓనర్‌కి అరవై దాటి ఉంటాయి. క్యాసెట్లు ఆడించే మూడు పాత డెక్‌లు, ఒక కంప్యూటర్, పక్కన స్పిరిట్ సీసా, దూది. ఒక్కో క్యాసెట్ అయ్యాక డెక్‌లో టేపుకి తగిలే హెడ్ తుడిచి గానీ రెండోది పెట్టరు.

‘ఎన్ని రోజులు పడుతుంది బాబాయిగారూ?’ అన్నాను.

‘గంట క్యాసెట్ గంటసేపూ వినాల్సిందే అమ్మా. పేరు చూసి ఏం చెప్పగలం?’ అన్నారు.

నిజంగానే విన్నారు. దేవదాసు క్యాసెట్‌లో ఒకవైపు ఘంటసాల గారు, అంటే 1953 సినిమా, సుబ్బురామన్ గారి సంగీతం. తిప్పితే బాలు గారి గొంతు. అది కృష్ణ గారు చేసిన 1974 దేవదాసు, సంగీతం రమేష్ నాయుడు గారు. నాన్న రెండిటికీ కలిపి ఒక్క పేరే రాశారు. ఓనర్ గారు రెండు ఫోల్డర్లు చేసి సంవత్సరం, సంగీత దర్శకుడి పేరు కూడా టైప్ చేసిచ్చారు. ‘శ్రీనివాస్’ అంటే పి.బి. శ్రీనివాస్ గారే అని అమ్మ ఖాయంగా చెప్పింది. తీరా వింటే మాండొలిన్! పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారి కచేరీ. అమ్మకి ఇప్పుడు రోజూ పొద్దున్నే అదే కావాలి.

బరబర శబ్దం పూర్తిగా పోలేదు. మరీ శుభ్రం చేస్తే గొంతు మొద్దుబారుతుందని ముందే చెప్పి, మమ్మల్ని అడిగాకే అలా ఉంచారు. మంచి పని చేశారు. ఒక పాట మధ్యలో కుక్కర్ కూత, వెంటనే ‘ష్, రికార్డవుతోంది’ అని నాన్న గొంతు. అదీ తీసేయలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఇరవై అయిదు క్యాసెట్లకి పన్నెండు రోజులు పట్టింది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా మూసేస్తారు, మేము ఒకసారి ఎండలో నిలబడాల్సి వచ్చింది. ఫోన్ పే లేదు, డబ్బులే ఇవ్వాలి. క్యాసెట్‌కి 90 రూపాయల చొప్పున 2,250 అయింది. తక్కువేం కాదు, కానీ ఇచ్చేటప్పుడు బాధ అనిపించలేదు.

మిగిలిన తొమ్మిదీ కూడా అక్కడికే తీసుకెళ్తున్నాం. వాటిలో ఒకదాని మీద ‘జానకి’ అని ఉంది. ఎస్. జానకి గారే అంటోంది అమ్మ. ఈసారి నేను మాత్రం విన్నాకే నమ్ముతానని చెప్పాను.