అమ్మ వేసుకునే గుండె దడ గోలీలు: నా రివ్యూ

మా అమ్మకి ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పై గదులు లయగా కొట్టుకోకుండా వణుకుతుంటాయి, నాడి ఒకసారి గబగబా, ఒకసారి ఆగి ఆగి కొడుతుంది. మల్కాజిగిరిలో మా ఇంట్లో గోలీల డబ్బా చూసుకునేది నేనే, అందుకే రాస్తున్నా. ఇది చదివి ఎవరూ మందు మార్చుకోకండి, ఒక్కొక్కరి కిడ్నీ, వాల్వు, వయసు వేరు. ఒక్కటి మాత్రం ముందే చెప్తా. ఈ జబ్బులో వేసుకోగానే హాయిగా అనిపించిన గోలీకే అందరూ ఫుల్ మార్కులేస్తారు, కానీ అసలు పని చేసేది వేసుకున్నట్టే తెలియని గోలీ.

ముందు మెటోప్రొలాల్. పదికి ఎనిమిది. 130 దాటి కొట్టుకునే నాడి 80 చుట్టుపక్కలకి వచ్చింది, అమ్మ ఆయాసం లేకుండా మేడ మీదికెళ్లి బట్టలు ఆరేసుకుంటోంది. అయితే ఇది వేగాన్ని తగ్గిస్తుంది గానీ లయని సరిచేయదు. మణికట్టు మీద వేళ్లు పెట్టి చూస్తే ఇప్పటికీ తాళం తప్పుతూనే ఉంటుంది. మరి దాన్నలా వదిలేస్తారా అని డాక్టర్ గారిని అడిగితే, 2002లో వచ్చిన అఫర్మ్ అనే పెద్ద అధ్యయనం గురించి చెప్పారు. వేగం ఒక్కటే అదుపు చేసినవాళ్లకీ, మందులతో లయ సరిచేయాలని చూసినవాళ్లకీ బతికే కాలంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదట. దడ, ఆయాసం బాగా ఇబ్బంది పెడుతున్నవాళ్లకి మాత్రం లయ కోసం ప్రయత్నిస్తారు. రెండు మార్కులు ఎందుకు కోశానంటే, మొదట్లో ఒళ్లంతా నీరసం, చేతులు చల్లబడటం. ఉబ్బసం ఉన్నవాళ్లు దీని సంగతి డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవాలి.

దీంట్లో ఇంకో తిరకాసు ఉంది. మా వీధి చివర మెడికల్ షాపులో ఒకసారి "ఎక్స్‌ఎల్ స్టాక్ లేదు మేడమ్, ఇది కూడా మెటోప్రొలాల్ 50నే, సేమ్" అని వేరే స్ట్రిప్ చేతిలో పెట్టాడు. వెనక్కి తిప్పి చూస్తే మెటోప్రొలాల్ టార్ట్రేట్ అని ఉంది. అమ్మకి రాసింది సక్సినేట్, మెల్లగా విడుదలయ్యేది (ఎక్స్‌ఎల్ అంటే అదే), రోజుకొకటి. టార్ట్రేట్ తొందరగా దిగిపోతుంది కాబట్టి మామూలుగా రెండు పూటలా ఇస్తారు. నంబరు ఒకటే అయినంత మాత్రాన సేమ్ ఎలా అవుతుంది? తీసుకోకుండా వచ్చేశా. ఎక్స్‌ఎల్ గోలీని నూరి, పొడి చేసి కూడా ఇవ్వకూడదు.

తర్వాత అమియోడరోన్, ఇది లయని సరిచేసే మందు. ఆస్పత్రిలో ఉన్నప్పుడు మొదలుపెట్టి కొన్ని నెలలు వాడించి ఆపేశారు. పనితనానికి తొమ్మిది, మనశ్శాంతికి మూడు. లయ నిజంగానే దారిలోకి వచ్చింది, కానీ టెన్షన్ మాత్రం మామూలుది కాదు. 200 మిల్లీగ్రాముల గోలీలో దాదాపు 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది, పెద్దవాళ్లకి రోజుకి కావాల్సింది 150 మైక్రోగ్రాములు. అందులో కొంతే విడుదలవుతుందనుకున్నా థైరాయిడ్ అటో ఇటో జరిగే ప్రమాదం ఉంది. అందుకే థైరాయిడ్, లివర్ టెస్టులు పదే పదే చేయిస్తారు, పొడి దగ్గు వస్తే ఊపిరితిత్తులు చూస్తారు. ఎండ పడదు. హైదరాబాద్ మే నెలలో ఇది ఎంత తలనొప్పో చెప్పక్కర్లేదు, కూరగాయల బండి దాకా వెళ్లాలన్నా అమ్మకి గొడుగు, ఫుల్ చేతుల జాకెట్టు. పైగా ఆపేశాక కూడా వారాలు, నెలల తరబడి ఒంట్లోనే ఉంటుంది.

ఇక అసలుది, రక్తం పలచబడే గోలీ. అమ్మ ఫిర్యాదు ఎప్పుడూ దీని మీదే: "ఈ గోలీ ఏస్కుంటే ఏం తెల్వదు, ఊకె పైసలు దండగ." తెలియకపోవడమే దాని పని మరి. పై గదులు వణుకుతుంటే రక్తం నిలిచిపోయి, ముఖ్యంగా ఎడమ గదికి అంటుకుని ఉండే చిన్న సంచిలో గడ్డ కడుతుంది. అది మెదడుకి వెళ్తే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నవాళ్లకి ఆ ప్రమాదం దాదాపు ఐదు రెట్లు ఎక్కువ. దడ తగ్గింది కదా అని ఈ గోలీ ఆపేస్తే ఆ ప్రమాదం మళ్లీ మొదటికొస్తుంది.

మొదట అసిట్రోమ్ ఇచ్చారు. ఇది వార్ఫరిన్ జాతిది. వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా మార్కెట్‌లోకి వచ్చి, 1954లో మనుషులకి అనుమతి పొందింది, ఈ ముక్క అమ్మకి ఇప్పటిదాకా చెప్పలేదు. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే ల్యాబ్ నంబరు ఐఎన్‌ఆర్, అది 2కీ 3కీ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డలు, పెరిగితే రక్తస్రావం. పాలకూర, తోటకూర, మునగాకులో విటమిన్ కె ఎక్కువ, అది ఈ మందుకి ఎదురు పనిచేస్తుంది. ఆకుకూర మానేయమని ఎవరూ చెప్పలేదు, వారం వారం ఒకే తీరుగా తినమన్నారు, కానీ తాజా కట్టలు కనిపిస్తే మా అమ్మని ఆపేదెవరు! పైగా అమియోడరోన్ మొదలుపెట్టగానే ఐఎన్‌ఆర్ పైకి పోయింది, ఆ రెండింటికీ అలా పడదు. ల్యాబ్ చుట్టూ తిరగడమే పనైంది. పదికి ఐదు. కాకపోతే మెటల్ వాల్వు వేయించుకున్నవాళ్లకి, మైట్రల్ వాల్వు బాగా ఇరుకైనవాళ్లకి ఇప్పటికీ ఈ జాతి మందే దిక్కు. అపిక్సబాన్ లాంటి కొత్తవి వాళ్లకి పనికిరావు.

అమ్మకి వాల్వు బాగుంది కాబట్టి తర్వాత అపిక్సబాన్‌కి మార్చారు. పదికి తొమ్మిదిన్నర. ఐఎన్‌ఆర్ లేదు, ఆకుకూర గొడవ లేదు, కిడ్నీ టెస్టు మాత్రం అప్పుడప్పుడు. ఆ అర మార్కు ఎందుకంటే రెండు పూటలా కచ్చితంగా వేసుకోవాలి, ప్రభావం తొందరగా దిగిపోతుంది. కంపెనీని బట్టి రేటు చాలా తేడా ఉంటుంది కాబట్టి చవకది వాడొచ్చా అని డాక్టర్‌నే అడిగి రాయించుకోండి. పక్కింటి అంకుల్ "ఎకోస్ప్రిన్ వేసుకుంటే సరిపోదా, అంత ఖర్చెందుకు" అంటారు. ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరినే. సరిపోదండీ. 2011 నాటి అవెర్రోస్ అధ్యయనంలో ఈ రెండింటినీ పోల్చి చూస్తే అపిక్సబాన్ వాడినవాళ్లలో స్ట్రోకులు సగానికి పైగా తగ్గాయి, పెద్ద రక్తస్రావాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

మోకాళ్ల నొప్పికి షాపులో అడిగితే చీటీ లేకుండానే డైక్లోఫెనాక్ కట్ చేసి ఇచ్చేస్తారు. రక్తం పలచబడే మందు మీద అది వేసుకుంటే కడుపులో రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది, మా ఇంట్లో నొప్పికి పారాసిటమాలే. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా ముందు ఈ గోలీ పేరు చెప్పండి, ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టర్ తేల్చాలి, రెండు రోజులే కదా అని మీ అంతట మీరు ఆపేయొద్దు.