గోడ వెంట రెండడుగుల జాగా: నరమామిడా, వెదురా, నాగగొలుగా?

తొలకరి దగ్గర పడిందంటే చాలు, నన్ను అడిగేవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "కాంపౌండ్ గోడ వెంట రెండడుగుల మట్టి ఉంది, పక్కింటి కిటికీ నేరుగా మా వంటింటికి ఎదురు. చాటుకు ఏం వేస్తే బాగుంటుంది? చాకిరీ మాత్రం ఉండకూడదు." మణికొండయినా వనస్థలిపురమయినా సంగతి ఒకటే. ఇల్లు కట్టాక మిగిలేది ఆ సందే. డ్రైనేజీ పైపు, ఛాంబర్లు పోయేదీ అందులోంచే. కొందరిళ్లలో సంపు కూడా అక్కడే.

నర్సరీకి వెళ్తే ముందు ఎత్తు గురించి, ఎంత త్వరగా పెరుగుతుందన్న దాని గురించి చెప్తారు. నన్నడిగితే చూడాల్సింది వెడల్పు. ఎనిమిదడుగుల ఎత్తుకు చాలా మొక్కలు వస్తాయి. ఏడాదిలోనే ఆ ఎత్తుకు వచ్చే మొక్క మాత్రం అక్కడితో ఆగదు. నెలనెలా కత్తిరించాల్సిందే. సందులో నిచ్చెన వేయడానికే చోటుండదు, అవతలి వైపు కొమ్మలు కొట్టాలంటే పక్కింటివాళ్లను బతిమాలాలి. చాకిరీ వద్దనుకునేవాళ్లు త్వరగా పెరిగేదాన్ని ఎంచుకుంటే అసలుకే మోసం.

కోనోకార్పస్ గురించి ఇప్పటికీ అడుగుతున్నారు. దాన్ని వదిలేయండి. తెలంగాణలో మొక్కలు నాటే హరితహారం కార్యక్రమంలో విరివిగా నాటి, తర్వాత వద్దన్న మొక్క అది. గుజరాత్‌లో 2023లో నిషేధించారు కూడా. ఫైకస్ చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ దాని వేర్లు తేమను వెతుక్కుంటూ పైపుల కీళ్లలోకి దూరతాయి. ఛాంబర్ పక్కన దాన్ని నాటకూడదు. గన్నేరు నిలువెల్లా విషం, పిల్లలున్న ఇంట్లో నేను వేయమనను.

ఇక మిగిలినవి మూడు.

నరమామిడిని నర్సరీల్లో అశోక అనే అమ్ముతారు. ఆకులు కిందికి వాలే రకం కొమ్మలు పక్కలకు చాచదు కాబట్టి సన్న జాగాకు సరిపోయేలా కనిపిస్తుంది. కత్తెర పని తక్కువ, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అది చెట్టు. వదిలేస్తే రెండంతస్తులు దాటిపోతుంది, ఏటేటా మొదలు లావెక్కుతుంది. గోడకు అడుగు దూరంలో ఉన్న చెట్టు పదేళ్ల తర్వాత ఏం చేస్తుందో పాత కాలనీల్లో బీటలు పడ్డ గోడలను చూస్తే తెలుస్తుంది. పైన కరెంటు తీగలుంటే, మే నెల గాలివానలప్పుడు అదో టెన్షన్.

వెదురు అందంగా ఉంటుంది, గాలికి ఆ ఆకుల చప్పుడు నాకూ ఇష్టమే. గుంపుగా పెరిగే రకమైనా ప్రతి వానాకాలం కొత్త పిలకలు వేసి దుబ్బు వెడల్పవుతుంది. రెండడుగుల పట్టీలో దానికి చోటెక్కడ? పైగా రాలిన ఆకులు వర్షం నీళ్లు పోయే జాలీకి అడ్డం పడతాయి. వేసవిలో నీళ్లు కూడా బాగా తాగుతుంది. ట్యాంకర్ కొనుక్కునే ఇళ్లకు అది భారమే.

నా ఓటు నాగగొలుగుకే. నర్సరీలో కామిని అంటే ఇస్తారు. కరివేపాకు బంధువే. రెండిళ్ల మధ్య సందులో ఎండ పడేది మధ్యాహ్నం కాసేపే. కాగితపు పూలకు ఆ ఎండ చాలదు, దీనికి సరిపోతుంది. వేర్లు గోడ జోలికి పోవు. చిన్న ఆకులు దట్టంగా అల్లుకుంటాయి, ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తే వెడల్పు అదుపులో ఉంటుంది. వాన పడ్డాక తెల్లగా పూసిందంటే ఆ వాసన వంటింటి దాకా వస్తుంది. లోపం ఒకటే, నెమ్మది. మనిషెత్తు చాటు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఆ ఓపిక మొదట్లోనే పెట్టుకుంటే తర్వాత పదేళ్లు సుఖం.

మీ జాగా అడుగు కన్నా తక్కువైతే ఈ లెక్కలేవీ పనికిరావు. ఇనుప జాలీ కట్టి రాధామనోహరం పాకించడమే.

నాగగొలుగు నాటేవాళ్లు మట్టిని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. సందులో పైన నాలుగంగుళాలు ఎర్రమట్టి కనిపిస్తుంది, గునపం దింపితే ప్లాస్టరింగ్ పెళ్లలు, కంకర, సిమెంటు గడ్డలు. అలాంటి చోట ఈ మొక్క లేత ఆకులు పసుపు పచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. సిమెంటు, సున్నం కలిసిన మట్టిలో ఇనుము అందకపోవడం వల్ల వచ్చే లక్షణమది. ఎరువు ఎంత వేసినా లాభం ఉండదు. అడుగున్నర లోతు తవ్వి ఆ చెత్తంతా ఎత్తిపోసి, కొత్త ఎర్రమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపి నింపండి.

మొక్క కొనేటప్పుడు పొడుగు చూసి మురిసిపోకండి. మొదట్లోంచే మూడు నాలుగు కొమ్మలున్నది తీసుకోండి. గోదావరి వైపు కడియం నర్సరీల నుంచి వచ్చిన మొక్కయితే వేర్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. అలాగే పాతేస్తే చుట్టూ నీళ్లు పోసినా ముద్ద లోపల ఎండిపోతుంది. బకెట్ నీళ్లలో నానబెట్టి, అంచుల్లో మట్టిని వేళ్లతో మెల్లగా విడదీసి నాటాలి. మొక్కకూ మొక్కకూ రెండడుగులు, గోడకు అడుగు దూరం వదలండి. కొత్త చిగుళ్లు జానెడు పెరగ్గానే కొసలు తుంచేయండి. మనసొప్పదు కానీ, అప్పుడే కింది నుంచి గుబురు కడుతుంది.