అంబాసిడర్‌కి కొత్త తాళం స్విచ్, రెండు రిలేలు: ఐదారేళ్లు వాడాక

ముందే చెప్పేస్తా. స్విచ్ ఫర్వాలేదు, రిలేలు (కొద్ది కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే చిన్న స్విచ్‌లు) మాత్రం పెట్టిన డబ్బుకి పదింతలు పనిచేశాయి.

మాది మార్క్ 4 పెట్రోలు బండి, 1489 సీసీ. డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టించాం. తిరుపతిలో పొద్దున ఇంటి దగ్గర ఒక్క తిప్పుకే స్టార్టయ్యేది. ఎండాకాలం అలిపిరి చెకింగ్ క్యూలో ఆపి మళ్లీ తాళం తిప్పితే మాత్రం 'టక్' మని ఊరుకునేది. వెనక హారన్ల మోత, లోపల పెద్దవాళ్లు, ఒకటే టెన్షన్. బ్యాటరీ మార్చాం, సెల్ఫ్ మోటారు విప్పి బ్రష్‌లు వేయించాం. తేడా లేదు.

రేణిగుంట రోడ్డులో ఒక ఎలక్ట్రీషియన్ ఏదీ విప్పలేదు. మీటర్ ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్ మీద, నల్ల వైరు సోలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) చిన్న టెర్మినల్ మీద పెట్టి తాళం తిప్పమన్నాడు. రెండు వోల్టులకు పైగా చూపించింది. అర వోల్టు దాటకూడదట. అంటే ఆ వోల్టులు దారిలోనే, ముఖ్యంగా స్విచ్‌లో అరిగిన రాగి కాంటాక్టుల దగ్గరే పోతున్నాయి. వేడెక్కిన సోలినాయిడ్ కాయిల్‌కి రెసిస్టెన్స్ పెరుగుతుంది కాబట్టి మిగిలిన వోల్టేజి దాన్ని లాగడానికి చాలదు. పొద్దున పట్టి, మధ్యాహ్నం పట్టకపోవడానికి కారణం అదే.

సెల్ఫ్ మోటారు తినే వంద ఆంపియర్ల పైచిలుకు కరెంటు లావు కేబుల్లోనే పోతుంది, తాళం దాకా రాదు. తాళం మోసేది సోలినాయిడ్‌ని, ఇగ్నిషన్ కాయిల్‌ని (ప్లగ్గులకి నిప్పురవ్వ పుట్టించేది), వైపర్‌ని, మీటర్లని. మూడు ఓమ్‌ల కాయిల్ ఒక్కటే నాలుగు ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. పైగా మన బండ్లలో ఫ్యాను, స్టీరియో, ఇంకేదైనా సరే తెచ్చి ఆ వైరుకే అతికిస్తారు. బ్రిటిష్ పద్ధతిలో బ్యాటరీ నుంచి వచ్చేది బ్రౌన్, ఇగ్నిషన్‌ది తెలుపు, స్టార్ట్‌ది తెలుపు మీద ఎర్ర గీత. మా డాష్‌బోర్డు వెనక బ్రౌన్ తప్ప మిగతావన్నీ ఎవరికి దొరికిన రంగు వాళ్లు వేసి టేపు చుట్టినవే.

కొత్త స్విచ్‌తో పాటు స్టార్ట్‌కి ఒకటి, ఇగ్నిషన్‌కి ఒకటి రిలే పెట్టించా. స్టార్ట్ రిలేలో 86 నంబరు పిన్నుకి తాళం వైరు, 85 ఎర్త్‌కి, 30కి ఫ్యూజ్ మీదుగా బ్యాటరీ, 87 నుంచి సోలినాయిడ్‌కి. ఇప్పుడు తాళం మోసేది రిలే కాయిల్‌నే, అది ఐదో వంతు ఆంపియర్ కూడా ఉండదు.

అసలు తమాషా తర్వాత జరిగింది. తాళం తీసేసినా ఇంజిన్ ఆగలేదు! షెడ్డులో కుర్రాడు, "అన్నా, తాళం నీ చేతిలో ఉంది, ఇంజిన్ ఇంకా తిరగతా ఉందే!" అని నోరెళ్లబెట్టాడు. ఆల్టర్నేటర్ నుంచి చార్జింగ్ లైటు మీదుగా కరెంటు వెనక్కి వచ్చి ఇగ్నిషన్ రిలేని పట్టి ఉంచుతోంది. పాత వైరింగ్‌లో ఆ కొద్ది కరెంటుని ఇగ్నిషన్ కాయిలే మింగేసేది. ఆ లైటు వైరులో చిన్న డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) ఒకటి, గీత ఉన్న కొస ఆల్టర్నేటర్ వైపు ఉండేలా వేస్తే సమస్య పోయింది. నెగటివ్ ఎర్త్ బండికి, అంటే బ్యాటరీ మైనస్ బాడీకి కలిపిన బండికి ఈ లెక్క. ఇగ్నిషన్ రిలే పెట్టించుకునే వాళ్లు ఇది ముందే అడగండి, చాలామంది మెకానిక్‌లకి తట్టదు.

అప్పటినుంచి అలిపిరిలో ఒక్కసారి కూడా నిలబెట్టలేదు. స్విచ్‌లో నాకు నచ్చింది యాక్సెసరీ పొజిషన్, అంటే ఇగ్నిషన్ లేకుండా స్టీరియో లాంటివి మాత్రమే పనిచేసేది. పాటలు వినడానికి ఇగ్నిషన్ ఆన్ చేసి వదిలేస్తే, పాయింట్లు (కాయిల్ కరెంటుని కలిపి విడదీసే కాంటాక్టులు) మూసుకుని ఉన్నప్పుడు ఇగ్నిషన్ కాయిల్ కాలిపోతుందేమో అన్నంత వేడెక్కేది. ఆ బాధ తప్పింది. నచ్చనిది స్ప్రింగ్. స్టార్ట్ నుంచి వెనక్కి రావడానికి ఇప్పుడు బద్ధకిస్తోంది, చేత్తో తిప్పాల్సి వస్తోంది. వెనక కనెక్టర్లు రెండు వదులైతే ప్లయర్‌తో నొక్కించా. రిలేలు మాత్రం హోల్డర్‌తో సహా కొని, టెర్మినల్స్ కిందికి ఉండేలా బిగించండి, వానాకాలంలో నీళ్లు నిలవవు. మళ్లీ కొనాల్సి వస్తే రిలేలు ఇవే కొంటా. స్విచ్ మాత్రం వేరేది చూస్తా.