ఊరి డబ్బు లెక్క తేల్చాలంటే ఏది మేలు: ఆర్టీఐనా, సామాజిక తనిఖీనా, కాగ్ రిపోర్టా?

మా వీధిలో సీసీ రోడ్డు వేసి ఏడాది తిరగలేదు, కంకర పైకి తేలింది. ఖర్చెంతో చూద్దామని ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. "మా వీధి రోడ్డు పూర్తి వివరాలు ఇవ్వగలరు, ఇంత తొందరగా ఎందుకు పాడైందో తెలుపగలరు" అని రాశాను. 29వ రోజున జవాబొచ్చింది: "సదరు రోడ్డు నిబంధనల ప్రకారం వేయడమైనది." అంతే, ఒక్క లైను. ఒళ్లు మండింది కానీ, తర్వాత ఆలోచిస్తే సగం తప్పు నాదే.

ఎందుకంటే ఈ చట్టం కింద మనం అడగాల్సింది కాగితాలు. "ఎందుకు" అని అడిగితే అది సమాచారం కిందకి రాదని తోసేస్తారు. ఎస్టిమేట్ కాపీ, ఎంబుక్‌లో (ఇంజనీర్ల కొలతల పుస్తకం) ఆ పని కొలతలు రాసిన పేజీల జిరాక్స్, చెల్లించిన బిల్లులు, వోచర్లు, పంచాయతీ తీర్మానం అని పేరుపేరునా అడిగితే తప్పించుకోవడం కష్టం. అడగడానికి కారణం కూడా చెప్పక్కర్లేదు. ఎంబుక్ సాధారణంగా ఇంజనీరింగ్ వాళ్ల దగ్గర ఉంటుంది, మనం తెలియక వేరే ఆఫీసులో ఇచ్చినా 5 రోజుల్లో వాళ్లే అసలు చోటికి పంపాలి. ఫీజు మన రెండు రాష్ట్రాల్లో ఊరి స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా వేయొచ్చు. వేస్తారా అంటే, అరుదు. కమిషన్ దాకా వెళ్తే ఎప్పటికి తేలుతుందో చెప్పలేం.

ఆర్టీఐకి ఇంకో చిక్కుంది, మనిషి ఒంటరైపోతాడు. దరఖాస్తు ఇచ్చిన సాయంత్రానికే బాబాయ్ వరసాయన ఒకరు ఇంటికొచ్చి "నీకెందుకురా ఇవన్నీ" అన్నాడు, కాంట్రాక్టర్ చుట్టమేలెండి. నా విషయంలో అంతటితో ఆగింది. దేశంలో లెక్కలడిగినందుకు దెబ్బలు తిన్నవాళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

సామాజిక తనిఖీ అంటే పథకం లెక్కల్ని ఊరి జనమే సరిచూసుకోవడం. దాని బలం సరిగ్గా ఇక్కడే. ఇది పుట్టిందే గుంపులోంచి. రాజస్థాన్‌లో అరుణా రాయ్ వాళ్ల మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరులో మొదటి జన్ సునవాయి (ప్రజా విచారణ) పెట్టి, పంచాయతీ రికార్డులు ఊరి జనం ముందు గట్టిగా చదివింది. సమాచార హక్కు కోసం ఉద్యమం ఊపందుకున్నది కూడా అలాంటి సభల నుంచే. తర్వాత 2005 ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్ కింద గ్రామసభే తనిఖీ చేయాలని రాశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లో మొదలుపెట్టి, 2009లో దీనికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీనే ఏర్పాటు చేసింది.

ఎలా ఉంటుందంటే, తనిఖీ వాళ్లు మస్టర్ (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ వస్తారు. "అమ్మా, ఫలానా వారం ఆరు రోజులు చెరువు పనికి వెళ్లినట్టుంది, వెళ్లావా?" "ఆ వారం నేను మా బిడ్డ పురుడికి వాళ్లూరు పోయానయ్యా." అంతే, దొరికిపోయింది. కంప్యూటర్‌లో మస్టర్ కరెక్టుగానే ఉంటుంది, బ్యాంకులో జమా కరెక్టుగానే ఉంటుంది, ఆడిటర్ ఆఫీసులో కూర్చుని చూస్తే తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. ఆవిడ ఊళ్లో లేదన్న సంగతి ఆవిడకీ పక్కింటివాళ్లకీ మాత్రమే తెలుసు. దొంగ మస్టర్ పట్టుకోవడంలో దీన్ని మించింది లేదు. పైగా ఆర్టీఐలో పేర్లడిగితే వ్యక్తిగత సమాచారం అనే అడ్డు ఉంది, 2023 డేటా రక్షణ చట్టం ఆ అడ్డును ఇంకా గట్టి చేసింది. ఇక్కడ పేర్లు మైకులో చదువుతారు.

మరి లోపమేంటి? తారీఖు మన చేతిలో ఉండదు. ఏ పథకానికి తనిఖీ ఉంటే దానికే, మా సీసీ రోడ్డు వేరే నిధులదైతే వాళ్లు దాని జోలికే రారు. అన్నింటికన్నా పెద్దది రికవరీ. తనిఖీ ఫలితాలు చదివే మండల ప్రజావేదికలో ఇంత తిన్నారని తేలుతుంది, ఉత్తర్వులు కూడా వస్తాయి, తిరిగొచ్చేది మాత్రం అందులో కొద్దిగానే. రేపు పని ఇవ్వాల్సిన ఫీల్డ్ అసిస్టెంట్ ఎదురుగా కూర్చుంటే కూలీ నోరు విప్పడం కూడా అంత తేలిక కాదు.

ఇక కాగ్, అంటే ప్రభుత్వాల లెక్కలు తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్. దీనికి రాజ్యాంగమే అండ, 148 నుంచి 151 దాకా అధికరణాలు. కాగ్‌ను తీసేయాలంటే సుప్రీంకోర్టు జడ్జిని తీసేసినంత పని. బడ్జెట్‌లో చూపకుండా కార్పొరేషన్ల పేరుమీద తెచ్చిన అప్పులు, పీడీ (పర్సనల్ డిపాజిట్) ఖాతాల్లో పడేసి ఉంచిన డబ్బు, ఏళ్లు గడిచినా రాని యూసీలు (ఇచ్చిన డబ్బు ఖర్చు చేశామని చూపే పత్రాలు), ఇలాంటివి ఊరి మనిషికి ఏ దరఖాస్తుతోనూ మొత్తంగా కనబడవు. మీ ప్రశ్న "రాష్ట్రం అప్పు నిజంగా ఎంత" అయితే వేరే దారి వెతకొద్దు, రాష్ట్ర ఆర్థిక స్థితిపై కాగ్ రిపోర్టు తెరవండి, వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉంటుంది.

కాకపోతే అది శవపరీక్ష లాంటిది, అంతా అయ్యాక వస్తుంది. రిపోర్టును చట్టసభలో ఫలానా గడువులోగా పెట్టాలని రాజ్యాంగంలో లేదు. ఢిల్లీలో ఏళ్ల తరబడి ఆగిన రిపోర్టులు ప్రభుత్వం మారాక, 2025 ఫిబ్రవరి నుంచి గానీ సభ ముందుకు రాలేదు. కాగ్ చెప్పింది తీర్పు కూడా కాదు. 2010లో 2జీ టెలికాం లైసెన్సుల కేటాయింపులో 1.76 లక్షల కోట్ల దాకా నష్టం అన్నారు, 2012లో సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది, 2017లో ప్రత్యేక కోర్టు నిందితులందరినీ వదిలేసింది. మా వీధి రోడ్డు సంగతంటారా, వాళ్లు శాంపిల్‌గా కొన్ని పనులే చూస్తారు, అందులో మనది పడాలంటే లాటరీ తగలాలి.

ఈ-గ్రామస్వరాజ్ సైట్ కూడా చూడండి, పంచాయతీ ఏ పనికి ఎంత చెల్లించిందో అందులో ఉంటుంది. దాన్ని మొదటి మెట్టుగా వాడుకోవాలి తప్ప, రోడ్డు మందం ఎంతో అది చెప్పదు.

కూలి డబ్బుల గొడవైతే సామాజిక తనిఖీ, రాష్ట్రం లెక్కయితే కాగ్. ఫలానా రోడ్డు, ఫలానా బడి గోడ, ఫలానా బోరు అయితే మాత్రం నా ఓటు ఆర్టీఐకే, ఎందుకంటే ఎప్పుడు మొదలుపెట్టాలో, ఏం అడగాలో మన చేతిలో ఉంటుంది. వచ్చిన కాగితాన్ని బీరువాలో పెట్టుకోకుండా గ్రామసభకు తీసుకెళ్లాలి, అప్పుడు ఒంటరితనం కూడా కొంత తగ్గుతుంది.

నేను రెండోసారి అలాగే చేశాను. ఎంబుక్ జిరాక్సులో మందం 15 సెంటీమీటర్లని ఉంది. పగిలిన అంచు దగ్గర మా అబ్బాయి స్కేలు పెడితే 10 కూడా లేదు. గ్రామసభలో ఆ పేజీ చదివితే కాంట్రాక్టర్ లేచి "అంచుల్లో అలాగే ఉంటుంది సార్, మధ్యలో చూసుకోండి" అన్నాడు. సరే అన్నాను. పనిని స్వయంగా చూడడానికి, శాంపిల్ తీసుకోవడానికి కూడా ఆర్టీఐ చట్టం 2(జె) సెక్షన్ కింద హక్కుంది కదా, మధ్యలోంచే శాంపిల్ కావాలని దరఖాస్తు ఇచ్చాను. గడువు ఇంకా పదకొండు రోజులుంది.