ఇంగ్లిష్ గ్రామర్: సూత్రం ముందా, వాడుక ముందా?

సాయంత్రం పూట విశాఖ మధురవాడలో మా ఇంటి వరండాలో చుట్టుపక్కల పిల్లలు ఏడెనిమిది మంది చదువుకుంటారు. వాళ్లలో ఇద్దరు, ఒక బాబు, ఒక పాప, ఆరో తరగతి వాళ్లు. బాబు చదివే బడిలో గ్రామర్‌కు విడిగా పీరియడ్ ఉంది. యాక్టివ్ వాయిస్ వాక్యం ఇస్తే తడుముకోకుండా పాసివ్‌లోకి మార్చేస్తాడు. పాప బడిలో సూత్రాల ఊసే లేదు. కథలు, సంభాషణలు, ఆటలు. ఇద్దరూ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామిని చూసి వచ్చారు. అక్కడ ఏమి చూశారో ఇంగ్లిష్‌లో చెప్పమన్నాను. బాబు తల వంచుకుని కూర్చున్నాడు. పాప గలగలా చెప్పింది. అదే రాయమంటే మాత్రం పేజీ నిండా "డిడ్ నాట్ వెంట్", "డిడ్ నాట్ సా".

బాబు బడిది తలకిందుల వరస అని నా అభిప్రాయం. తెలుగులో సవర్ణదీర్ఘ సంధి పేరు వినేనాటికే "దేవాలయం" మన నోట నలిగిన మాట. తెలిసినదానికి పేరు పెట్టుకున్నాం, అంతే. ఇంగ్లిష్‌లో పిల్లవాడికి పేరు ముందు ఇచ్చి, మాట ఎప్పటికో ఇస్తున్నాం. పైగా ఆ పాసివ్ వాయిస్! "మూసివేయబడినది" వంటి బోర్డుల్లో తప్ప మన మాటల్లోనే అది అరుదు. పదకొండేళ్ల పిల్లలకు అంత తొందరేమిటి?

అలాగని పాప బడి పద్ధతే చాలునా? దాని వెనుక గట్టి ఆలోచనే ఉంది. ఇంగ్లిష్ బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారత పాఠశాలల్లో నడిపిన బెంగళూరు ప్రాజెక్టులో గ్రామర్ పాఠాలు పక్కన పెట్టి, పటాలు, టైంటేబుళ్లతో పిల్లలకు పనులు ఇచ్చారు. మనసు అర్థం మీద ఉంటే వాక్య నిర్మాణం దానంతట అదే పడుతుందన్నది ఆయన నమ్మకం. కానీ అలా పట్టుబడాలంటే భాష చెవిన చాలాసేపు పడాలి. మా పిల్లలకు బడి గేటు దాటాక బస్సులో, కొట్లో, ఇంట్లో అంతా తెలుగే. అలా ఉండటమే నాకూ ఇష్టం. అందుకే ఆ కొద్దిపాటి ఇంగ్లిష్ సమయానికి సూత్రం ఆసరా కావాలి.

గ్రామర్ పాఠాల వల్ల రాత మెరుగుపడదని ఇంగ్లండ్ పరిశోధనలను చూపిస్తారు. అవి చాలావరకు ఇంగ్లిష్‌లోనే పుట్టి పెరిగిన పిల్లల సంగతి. రెండో భాష నేర్చుకునేవారిపై వచ్చిన అధ్యయనాలను 2000లో నోరిస్, ఒర్టేగా అనే భాషా పరిశోధకులు క్రోడీకరించినప్పుడు, విడమరచి చెప్పే బోధనే మెరుగని తేలింది. అయితే ఆ అధ్యయనాల్లో పెట్టిన పరీక్షలు చాలావరకు సూత్రం తెలిసినవారికి అనుకూలించేవే. అది మరిచిపోకూడదు.

నా వరకు గ్రామర్ చెప్పాలి. కొద్దిగా, వాడుక తర్వాత, తెలుగుతో పోల్చి చెప్పాలి. పాప నోట్సు తీసి "నేను వెళ్లాను" అని రాశాను. కింద "నేను వెళ్లలేదు" అని ఆమెనే రాయమన్నాను. "వెళ్లానులేదు అని ఎందుకు రాయలేదమ్మా?" అని అడిగితే నవ్వింది. "లేదు వచ్చింది కదండీ, 'ఆను' పోతుంది" అంది. ఇంగ్లిష్‌లోనూ అంతే, "డిడ్ నాట్" వచ్చాక "వెంట్" తన కాలాన్ని వదిలేసి "గో" అయిపోతుందని చెప్పాను. కాసేపు రెండు వాక్యాలనూ మార్చి మార్చి చూసి, పేజీలో తొమ్మిది చోట్ల తానే దిద్దుకుంది.

క్రియల విషయంలో ఇలా విడమరచి చెప్పడం ఫలిస్తుంది. "ఏ, ఆన్, ద" సంగతి వేరు. తెలుగులో వాటికి సరిజోడు లేదు, మినహాయింపులు బోలెడు. అవి కథలు చదవగా చదవగా పట్టుబడాల్సినవి. బాబుకు ఇప్పుడు రోజూ ఒక చిన్న కథ చదివి వినిపిస్తున్నాను. నిన్న నన్ను మధ్యలో ఆపి, తర్వాత ఏమవుతుందో నాలుగు ముక్కల్లో ఇంగ్లిష్‌లోనే చెప్పాడు. రెండు తప్పులు దొర్లాయి. అప్పటికి దిద్దకుండా వదిలేశాను.